కేకేస్తే వినపడేంత దూరం

కేసు కొట్టేశారు! మా నాయన దొంగ కాదు!

ఈ రెండు ముక్కలు ముందు చెప్పేస్తే గానీ మిగతాది నాకు నోట రాదు. ఆనాడూ అంతే. మార్కాపురం కోర్టు మెట్లు దూకి, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ ఇదే చెప్పాను. పలకల బండి తోలుకుపోతున్న పెద్దాయన ఎద్దుల్ని నిలబెట్టి, "ఎవురబ్బయ్యా మీ నాయన?" అని అడిగాడు.

"గొర్రెలు కాస్తాడు" అన్నాను.

"అట్లనా? శానా సంతోషం" అని ఎద్దుల్ని అదిలించాడు. ఆయనకు మా నాయనా తెలియదు, కేసూ తెలియదు. నా ముఖం చూసి నవ్వాడంతే. ఆ నవ్వు కూడా నేను మా లెక్కలోనే వేసుకున్నాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. మా తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మా ఊరు త్రిపురాంతకం అవతల, గుట్టల కింద. మా వంశంలో బడి గడప దాటి పైకి చదివినవాడు అంతకుముందు లేడు. నేను గుంటూరులో బి.ఏ. పాసయ్యాను. ఆ సంగతి ఊరికి ఎట్లా చేరిందంటే, మా కంటే ముందు మా ఊరి ఎగతాళి రాయుళ్లకు చేరింది. అందులో మొదటివాడు పెద్ద రైతు ఇంట్లో జీతానికుండి గొర్రెలు కాసే ఒకతను. వరసకు మా నాయనను మామా అంటాడు. మా నాయన ఎక్కడ కనబడినా, "మామా, మీ గొర్రెలు బే అంటాయి, మీవోడు బీయే అంటాడు. తేడా ఏంది మామా?" అనేవాడు. నాయన కోప్పడేవాడు కాదు. "గొర్రెలకు ఫీజు కట్టలేదు గదరా" అనేవాడు.

ఆ జీతగాడే మా నాయన మీద సాక్షి అయ్యాడు.

జరిగింది ఇదీ. అతను కాసే మందలో పెద్ద పొట్టేలు ఒకటి పోయింది. గొంగడి కప్పుకున్న మనిషి ఒకడు దాన్ని మెడబట్టి వాగులోకి లాక్కుపోతుంటే, అవతలి గుట్ట మీద నుంచి తాను చూశానన్నాడు. ఆ మనిషి మా నాయనే అన్నాడు. పొట్టేలు దొరకలేదు. దాని యజమానికీ మా నాయనకూ అంతకుముందే మాటామాటా వచ్చి ఉంది. దాంతో పోలీసులు వచ్చారు, కేసు అయింది. పాసయ్యాక నేను ఊరికి వచ్చేసరికి నాయన జామీను మీద ఇంట్లో కూర్చుని ఉన్నాడు.

జైలంటే మాకు భయమే. కానీ నాయన భయం వేరే. ఎండాకాలం వస్తే మా వైపు రైతులు గొర్రెల కాపరుల్ని పిలిచి చేలల్లో మంద కట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే ఆ ఎరువుకు నేల బలుస్తుంది. కాపరికి గింజలు దక్కుతాయి. మంద మధ్యలో గొంగడి పరుచుకుని కాపరి కూడా అక్కడే పడుకుంటాడు. పక్కనే రైతు కళ్లం ఉంటుంది, ఎడ్లు ఉంటాయి. అదంతా నమ్మకం మీద నడిచే పని.

"దొంగ అని ఒకసారి పేరొస్తే నన్ను చేలో పడుకోనిచ్చేదెవురురా?" అన్నాడు నాయన. "ఈ గొర్రెల్ని యాడ కట్టల్ల? నీ బీయే మీద కట్టల్నా?"

మొదటి మేజిస్ట్రేటు సాక్షుల్ని విన్నాడు. విన్నదాన్ని ఇంగ్లీషులో రాసుకున్నాడు. జీతగాడు తడబడకుండా చెప్పాడు. ఎందుకంటే అతను నమ్మే చెప్పాడు. ఆ కాగితాల నకలు మా వకీలు దగ్గర ఉంటే తీసుకుని చదివాను. నేరస్థుణ్ణి సాక్షి దగ్గర నుంచి చూశాడని అందులో ఉంది. ఎటు తిప్పి చదివినా అదే. ఇక తీర్పు వాయిదా ఒక్కటే మిగిలిందనగా ఆ మేజిస్ట్రేటుకు బదిలీ అయింది. కోస్తా నుంచి కొత్తాయన వచ్చాడు.

ఊరంతా ఒకే మాట: కొత్త దొర పాత దొర రాసింది చదువుతాడు, శిక్ష చెబుతాడు, అయిపోతుంది.

మా వకీలు మార్కాపురంలో సాయిబుల వీధిలో ఉండేవాడు. పెద్ద వయసు. ఫీజు కంటే కబుర్లు ఎక్కువ ఇష్టం ఆయనకు. నాయనను అరుగు మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చి చెప్పాడు.

"చూడన్నా. కొత్త మేజిస్ట్రేటు పాత కాగితం చదివి తీర్పు చెప్పొచ్చు. కానీ నువ్వడిగినావనుకో, సాక్షుల్ని మళ్లా పిలిపించల్ల, మళ్లా వినల్ల. చట్టంలో ఉంది. ఆయన దయ గాదు, నీ హక్కు."

నాయన టీ తాగడం ఆపాడు. "హక్కా? నాకా?"

"నీకు గాక మీ గొర్రెలకా? కానీ కొత్తాయన కేసు పట్టుకున్న మొదటి రోజే అడగల్ల. ఆ రోజు నోరు మూసుకుంటే మళ్లా తెరిచి లాభం లేదు."

"మీరే అడగండి వకీలు సాయిబూ. మీకు నోరుంది."

"అడుగుతా. నేనడిగినా ఆయన నీ పక్క తిరిగి, నీకేం కావల్నయ్యా అంటాడు. అప్పుడు నువ్వు నీ పాత పాట ఎత్తుకుంటావు. అదే నా భయం."

"ఏం పాట?"

"తమ దయ దొరా!"

అరుగు మీద ఉన్న వాళ్లందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. అది నిజమని ఆయనకూ తెలుసు. మా వైపు పెద్ద అధికారి ఏది అడిగినా అదే జవాబు. రెవిన్యూ ఆయన వచ్చి బంజరు ఏ పక్క అంటే, తమ దయ. అడవి గార్డు వచ్చి మేకలు ఎన్ని అంటే, తమ దయ. ఆ మాట వెనక దాక్కుంటే దెబ్బ తగలదని మా తాతల నాటి నుంచి వచ్చిన అలవాటు.

ఇక వాయిదా దాకా మా ఇంట్లో రోజూ కోర్టే. నేను బండ మీద కూర్చుని మేజిస్ట్రేటును అయ్యేవాణ్ణి. నాయన కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు.

"ఏమయ్యా, సాక్షుల్ని మళ్లా వినమంటావా?" అనేవాణ్ణి గంభీరంగా.

"తమ దయ దొరా."

"నాయనా!"

"అలవాటు గదరా. ఇంకోసారి అడుగు."

ఇంకోసారి అడిగినా అదే. ఒకరోజు మా అమ్మ రొట్టెలు చేస్తూ చేస్తూ లేచి వచ్చింది. "ఈ మనిషిని రేపు ఎవురన్నా వచ్చి నీ పెండ్లాన్ని తోలకపోదునా అని అడిగితే గూడ తమ దయ అంటాడు" అంది. నాయనకు ఆ మాట తగిలింది.

వాయిదా రోజు తెల్లారకముందే లేచి త్రిపురాంతకం వచ్చి, మార్కాపురం బస్సు ఎక్కాం. మాతో పాటు మా ఊరి కాపరులు కొందరు, తోడుగా. అందరి భుజాల మీదా గొంగళ్లే. బస్సంతా మంద వాసన. కండక్టరు, "ఏంది, గొర్రెలు వెనక బస్సులో వస్తున్నాయా?" అన్నాడు.

కొత్త మేజిస్ట్రేటు సన్నగా, కళ్లద్దాలతో, బడిపంతులులా ఉన్నాడు. వకీలు లేచి, ముద్దాయి సాక్షుల్ని తిరిగి విచారించమని కోరుతున్నాడని చెప్పాడు. పోలీసుల తరఫు ఇన్‌స్పెక్టరు లేచి, అందరినీ ఒకసారి విన్నారు కదా, మళ్లీ ఎందుకు, కాలం వృథా అన్నాడు. మేజిస్ట్రేటు ఇద్దరినీ కూర్చోమని, వకీలు చెప్పినట్టే నాయన వైపు తిరిగాడు.

"ఏమయ్యా, నీకేం కావాలి? సాక్షుల్ని నేను మళ్ళీ వినాలా, ఈ కాగితాలు చదివితే చాలా?"

నాయన చేతులు కట్టుకున్నాడు. "తమ ద..." అన్నాడు.

వకీలు కళ్లు మూసుకున్నాడు.

నాయన ఆగాడు. ఆ మిగిలిన అక్షరాన్ని గుటక వేసి మింగడం నాకు కనబడింది. తర్వాత చేతులు వదిలేసి అన్నాడు: "దొరా, ముందుండిన దొర ఆ పిల్లోని ముఖం చూసి విన్నాడు. తమరు చూడలేదు. సంతలో పొట్టేలును కొనేటోడు గూడ దాని నోరు తెరిచి పండ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. ఎవురో చూసొచ్చి చెప్పింది విని కొనడు. నన్ను జైల్లో ఎయ్యల్నంటే ఎయ్యండి. కానీ తమరు చూసి ఎయ్యండి. వానిని పిలిపించండి."

ఎవరో వెనక నుంచి, "సెబాసు" అన్నారు. బంట్రోతు అటు గుడ్లురిమాడు. మేజిస్ట్రేటు కలం తీసుకుంటూ, "ముద్దాయి కోరుతున్నాడు. సాక్షుల్ని పిలిపించండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు మళ్లీ లేవబోతే, "అడిగే హక్కు అతనికుంది. అడిగాడు. నాది వినే పని" అన్నాడు.

నా మట్టుకు మా కేసు ఆ క్షణంలోనే గెలిచాం. డిగ్రీ నాకు వచ్చింది గానీ, పరీక్ష ఆ రోజు నాయన రాశాడు. ఆ చట్టం ఆ తర్వాత ఎంతో కాలం అట్లా ఉండలేదు. మళ్లీ వినడం అవసరమని కొత్త మేజిస్ట్రేటుకు తోస్తేనే పిలిపించేటట్టు మార్చారు. అడిగి పుచ్చుకునే హక్కు పోయి, నిజంగానే దొర దయ అయింది. మా నాయన ఆ తలుపు మూసుకోకముందే లోపలికి దూరాడు.

తర్వాతి వాయిదాకు జీతగాడు వచ్చాడు. బోనెక్కి, మునుపు చెప్పిందే చెప్పాడు. గుట్ట మీద ఉన్నాను, గొంగడి మనిషి పొట్టేలును లాక్కుపోయాడు, ఆ మనిషి మా మామే. వకీలు ఏవో అడిగాడు. జీతగాడు జంకలేదు. నాకు మళ్లీ దిగులు పట్టుకుంది.

అప్పుడు మేజిస్ట్రేటు కాగితం మీద నుంచి తలెత్తాడు. "నువ్వు దగ్గర నుంచి చూశావని ఇక్కడ రాసి ఉంది. దగ్గర అంటే ఎంత దూరం?"

"కేకేస్తే వినపడేంత దూరం దొరా. మునుపు దొరకు గూడ అదే చెప్పినా."

మా వైపు ఎవరికీ ఆ మాటలో వింత తోచలేదు. మేము దూరాన్ని కొలిచేదే అట్లా. ఆ ఊరు రెండు కేకల దూరం, ఆ బావి ఒక కేక దూరం. నేను కూడా పుట్టినప్పటి నుంచి విన్నదే. మొదటి మేజిస్ట్రేటు దాన్ని దగ్గరని రాసుకుంటే, వకీలూ, నేనూ దాన్ని అట్లాగే చదివేశాం. కానీ ఈయన చదును నేల మీద పెరిగినవాడు.

"అంటే ఇక్కడి నుంచి ఆ గోడ దాకానా?"

జీతగాడు గోడ వైపు చూసి పకపకా నవ్వాడు. "గోడ కాడికైతే కేకెందుకు దొరా? గుసగుస చాలదా?"

అందరూ నవ్వారు. మేజిస్ట్రేటు కూడా. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, "అయితే నువ్వే వెళ్లి చూపించు. ఆ రోజు మీ మధ్య ఎంత దూరముందో అంత దూరం పోయి, నిలబడి, కేకెయ్యి" అన్నాడు. బంట్రోతును తోడిచ్చి పంపాడు. తాను కుర్చీలోంచి లేచి వరండాలోకి వచ్చాడు. ఆయన వెనకే కోర్టంతా.

జీతగాడు నడిచాడు. వీధి మొగదాకా పోయి ఆగుతాడనుకున్నాం. ఆగలేదు. టీ దుకాణం దాటాడు. పలకల కార్ఖానా దాటాడు. పగిలిన పలకల్ని పారబోసిన గుట్టలు దాటి, ఊరి బయట మిట్టెక్కాడు. బంట్రోతు నడవలేక వెనకబడ్డాడు. అతని నడుముకు కట్టిన ఎర్ర పటకా ఒక్కటే కనబడుతోంది, మిరపపండంత. జీతగాడైతే మనిషో రాయో తెలియడం లేదు.

మేజిస్ట్రేటు వెనక్కి తిరిగి మా కాపరుల్ని చూశాడు. "మీరందరూ గొంగళ్లు కప్పుకుని ఈ వరండాలో వరసగా నిలబడండి. ముద్దాయి కూడా." నన్ను చూసి ఆగాడు. "నువ్వెవరు?"

"కొడుకునండి. బి.ఏ. పాసయ్యాను" అన్నాను. అడగకపోయినా చెప్పాను.

"బి.ఏ. వాళ్లకు గొంగడి పట్టదా?"

ఒకాయన తన గొంగడి నా మీదికి విసిరాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నా మీద గొంగడి పడింది. పొగ, పాలు, వాన తడిసిన ఉన్ని, అన్నీ కలిసిన వాసన. ప్యాంటు మీద నుంచి కాళ్ల దాకా కప్పుకుని చివరన స్తంభం పక్కన నిలబడ్డాను. నాయన నడిమధ్యలో ఉన్నాడు.

అప్పుడు వచ్చింది కేక. సన్నగా, సాగి, స్పష్టంగా, చెవి పక్కన పలికినట్టు వినబడింది.

"దొరాఆఆ! ఈడే! ఇంత దూరమే!"

మేజిస్ట్రేటు అదిరిపడ్డాడు. "ఇది వినబడింది!" అన్నాడు పిల్లాడిలా. తర్వాత, మా కాపరుల్లో గొంతున్న ఒకాయనను అడగమన్నాడు: వరసలో మీ మామ ఎవరు?

ఆయన నోటికి చేతులు అడ్డం పెట్టి కేకేశాడు. కాసేపు మిట్ట మీద నుంచి ఏమీ లేదు. తర్వాత జవాబు గాలి మీద తేలి వచ్చింది. ఒక్క అక్షరం పోలేదు.

"స్తంభం పక్కన నిలబడినోడే! ఆ నిలబడేదేంది, అచ్చం మా మామే!"

స్తంభం పక్కన ఉన్నది నేను.

మొదట నాయన నవ్వాడు. ఆయన నవ్వగానే కాపరులు, వాళ్ల వెనక వకీలు, చివరికి ఇన్‌స్పెక్టరు కూడా మీసం చాటున. మేజిస్ట్రేటు మాత్రం నవ్వకుండా లోపలికి వెళ్లి రాసుకోవడం మొదలుపెట్టాడు. జీతగాడు చెమటలు కక్కుతూ తిరిగి వచ్చి, వరండా ఎక్కి, నేరుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను గొంగడి తీశాను. ప్యాంటు, చొక్కా, జేబులో కలం బయటపడ్డాయి.

అతని నోరు తెరుచుకుపోయింది. "ఓయమ్మా," అన్నాడు. "బీయే!"

తర్వాత అతను మా నాయన దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు. "మామా, నేను అబద్ధం చెప్పలేదు మామా. నువ్వే అనుకున్యా. గొంగడి చూసినా."

"అట్లయితే గొంగడి మీద కేసు పెట్టియ్యల్సింది గదరా" అన్నాడు నాయన. "అదీ నీకు తోచకపోయె, నాకూ తోచకపోయె." భుజం మీది గొంగడి తీసి అతని ముఖం తుడిచాడు. "ఎంత దూరం నడిచినావురా పిచ్చోడా. టీ తాగుదువు రా."

ఆ తర్వాతి వాయిదాకు తీర్పు. సాక్షి చూసింది ఒక గొంగడిని మాత్రమేననీ, అంత దూరం నుంచి మనిషిని గుర్తుపట్టడం సాధ్యం కాదని తన కళ్లెదుటే తేలిందనీ చెప్పి, మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. తెలుగులో కూడా చెప్పాడు, నాయన కోసం. నాయన చేతులెత్తి దండం పెట్టి, "తమ దయ" అన్నాడు. మేజిస్ట్రేటు తల అడ్డంగా ఊపాడు. "నాది కాదు. నువ్వడిగావు" అన్నాడు.

ఇక నేను మెట్లు దూకింది, పలకల బండాయనకు చెప్పింది, అప్పుడే. వెనక్కి తిరిగి చూస్తే నాయన ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. వేరే కేసుకు వచ్చిన త్రిపురాంతకం రైతు ఒకాయన ఆయనతో మాట్లాడుతున్నాడు.

"విన్యాలే నీ సంగతంతా. మా చేను బీడుబడి ఉంది. మంద ఎప్పుడు కడతావు?"

నాయన ఆకాశం వైపు చూసి, తొందరేమీ లేనట్టు, "చూసి చెప్తాలే అన్నా. ముందు అడిగినోళ్లు శానామంది ఉన్నారు" అన్నాడు. ముందు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ గొప్ప ఆ రోజు ఆయనకు చెల్లింది.

ఆ పొట్టేలు ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

ఆ సంతోషంలో నాయనను తపాలా ఆఫీసుకు లాక్కుపోయాను. అక్కడ ఫోను ఉంది. గుంటూరు హాస్టలుకు ట్రంకు కాల్ కట్టించి, నా గది మిత్రుణ్ణి పిలిపించమన్నాను. లైను కలిసేసరికి చాలాసేపు పట్టింది. కలిసీ కలవకముందే నేను గొంతు చించుకుని, "కేసు కొట్టేసినారు! మా నాయన గెలిచినాడు!" అని అరిచాను. తపాలా ఆయన చెవులు మూసుకున్నాడు.

"అంత గట్టిగా అరిచేదానికి ఫోనెందుకురా?" అన్నాడు నాయన. "మిట్టెక్కి చెప్పింటే గుంటూరుకు వినపడును గదా."

కానీ ఫోను పెట్టేశాక ఆయనే బల్ల పక్కన గొంతుక్కూర్చుని, "ఇంకా ఎవురెవురికి జెయ్యల్ల?" అన్నాడు. వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయాడు, నేను తలూపుతూ పోయాను.

కర్నూలులో మా మేనమామ. కొత్త సర్కారు ఆఫీసులో బంట్రోతు, ఫోను ఆయన గదిలో లేదు గానీ ఆయన తుడిచే గదిలో ఉంది.

కనిగిరిలో అక్క. ఎదురింటి బట్టల దుకాణానికి చేసి, పిలుచుకురమ్మని బతిమాలాలి. ఏడుస్తుంది, కాబట్టి గెలిచినామనే ముక్క ముందు చెప్పాలి.

గిద్దలూరులో బావ, కట్టెల డిపోలో. శిక్ష ఖాయమని అందరికంటే ముందన్నది ఆయనే, కాబట్టి ఆయనతో నాయనే మాట్లాడతాడట.

దోర్నాలలో శ్రీశైలం పోయే దారిలో హోటలు పెట్టుకున్న చిన్నాయన. అక్కడ ఫోను లేదు. లేకపోయినా పేరు లెక్కలో ఉండాలన్నాడు నాయన.

జీతగాడు. "వానికి వద్దులే, సాయంత్రం గుట్ట కాడ నేనే కేకేస్తా."

చివరి వేలు ముడవకుండా నాయన కాసేపు ఆలోచించాడు. తర్వాత అన్నాడు: "ఆ బదిలీ అయిపోయిన ముందు దొర. ఆయనకు గూడ జెయ్యల్ల. పాపం, సగమే విన్యాడు గదా."